గుండ్రానికి ఎన్ని మూలలు?

"ఇంతకీ నువ్వు చేసే పనేమిటోయ్?" అని పెద్దవాళ్ళెవరైనా అడిగితే, పుచ్చకాయకి పోస్టల్ స్టాంపులు అంటిస్తుంటానని చెబుతాను. నవ్వకండి, దాదాపు అదే. ఒక యంత్రభాగం ఎంత బరువు మోస్తుందో, ఎక్కడ పగులుతుందో కంప్యూటర్లో లెక్కకట్టాలంటే దాన్ని వేలాది చిన్న ముక్కలుగా విడగొట్టాలి. ఈ పద్ధతి పేరు ఫైనైట్ ఎలిమెంట్. ఆ ముక్కల వలని మెష్ అంటాం. చిక్కంతా వంపు దగ్గరే. స్టాంపు చదును, కాయ గుండ్రం!

100 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తాన్ని 8 సరళరేఖలతో గీస్తే, ఒక్కో రేఖ మధ్యభాగం అసలు వంపుకి 7.6 మిల్లీమీటర్లు లోపలే ఉండిపోతుంది. 16 రేఖలైతే 1.9. మన ఆర్యభటుడు కూడా 20000 వ్యాసానికి 62832 చుట్టుకొలత అని చెప్పి, అది 'ఆసన్నం' మాత్రమే అన్నాడు.

మరి ముక్కలు పెంచుకుంటూ పోతే సరిపోదా? నేనూ అలాగే అనుకుని ఒకసారి బోర్లాపడ్డాను. ఒక క్లయింటు పంపిన బ్రాకెట్లో బోల్టు రంధ్రం ఉంది. మొదటి మెష్‌లో దాని చుట్టూ 12 ముక్కలు. ఒక్కోదాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీల్చాను. రంధ్రం అంచున స్ట్రెస్ (ఆఫీసుది కాదు, లోహంలోది) ఒక అంకె దగ్గర నిలబడాల్సింది పోయి, ప్రతిసారీ పెరుగుతూనే ఉంది. లోడ్లు చూశాను, మెటీరియల్ చూశాను. తప్పు దొరకలేదు. బ్రాకెట్ మందం పెంచమని క్లయింటుకి రాసేశాను.

ఆ తర్వాత ఎందుకో అనుమానం వచ్చి తెర మీద బాగా జూమ్ చేశాను. నేను చీల్చుతున్నది రంధ్రాన్ని కాదు, 12 భుజాల బొమ్మని! కొత్త బిందువులన్నీ పాత సరళరేఖల మీదే కూర్చున్నాయి. డ్రాయింగులోని వంపు మీదికి ఒక్కటీ జరగలేదు. అసలు భాగంలో లేని మూలలు పన్నెండు నా లెక్కలో పుట్టాయి. అలాంటి మూల దగ్గర ఎంత సన్నగా విడగొడితే స్ట్రెస్ అంత పెరుగుతుంది. మందం అక్కర్లేదని మళ్ళీ నేనే ఈమెయిల్ రాయాల్సివచ్చింది. ఆ ఈమెయిల్ నాలుగు లైన్లే, రాయడానికి మాత్రం ఒక పూట పట్టింది.

నాది పరువుతో పోయింది. 1991 ఆగస్టు 23న నార్వేలో స్టావాంగర్ దగ్గర, సముద్రంలో గ్యాసు తీయడానికి కడుతున్న స్లైప్నర్-ఏ కాంక్రీటు పునాది పరీక్షల్లోనే మునిగిపోయింది. అందులో 24 గుండ్రటి గదులు. వాటి గోడలు కలిసేచోట మూడు మూలల సందులు. అక్కడ మెష్ ముతకగా, వంకరగా ఉండడంతో షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువగా లెక్కకొచ్చింది. ఇనుము చాలలేదు, గోడ చీలింది. తర్వాత సన్నటి మెష్‌తో లెక్కేస్తే 62 మీటర్ల లోతున విరగాలని తేలింది. నిజంగా విరిగింది 65 దగ్గర! నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు. అదృష్టం కొద్దీ ప్రాణాలు పోలేదు.

ఇప్పుడు ఏ కొత్త సాఫ్ట్‌వేర్ చేతికొచ్చినా, ముందు చిన్న గుండ్రటి రంధ్రం ఉన్న పెద్ద పలకని తెర మీద లాగి చూస్తాను. రంధ్రం అంచున స్ట్రెస్ మూడు రెట్లు ఉంటుందని కిర్ష్ 1898లోనే కాగితం మీద తేల్చాడు. ముక్కల అంచు మధ్యలో ఇంకో బిందువు పెట్టి, దాన్ని కూడా వంపు మీదికి జరిపిస్తాను. 3 దగ్గర నిలబడితేనే క్లయింటు ఫైలు తెరుస్తాను.

"ఇంకా ఆ రేకునే లాగుతున్నావా డాడీ?" అంటుంది మా అమ్మాయి, వెనకనించి వెళ్తూ.