కంఠస్థవిద్యయు, కార్యనిర్వహణమును

స్వబుద్ధితో కార్యము నడపు దక్షులు దొరకుట లేదని వర్తకప్రముఖులు మొఱవెట్టుచున్నారు. ఆ దక్షత యెచ్చట నడుగంటినదో వారు విచారించిరా?

1961లో అహమ్మదాబాదునందు మేనేజిమెంటు విద్యాసంస్థ హార్వర్డువారి తోడ్పాటుతో వెలసినది. కేసు పద్ధతియే యచ్చటి బోధనకు ప్రాణము. హార్వర్డు న్యాయకళాశాలలో 1870 ప్రాంతమున లాంగ్డెల్ పండితుడు నెలకొల్పిన పద్ధతి యది. ఒక వ్యాపారసంస్థకు వాటిల్లిన చిక్కును ముందుంచి, "నీవైన నేమి చేయుదువు?" అని విద్యార్థి నడుగుదురు. పుస్తకము చివర జవాబుండదు. పదునైదేండ్లు గైడులోని జవాబులే వల్లించి మార్కులు గడించినవా డేమి చెప్పగలడు? మొక్కనాడు తల ద్రుంచి, మానైన పిమ్మట నీడ నడుగుట న్యాయమా?

ఔషధము మన యింటనే యున్నది. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో పుస్తకవిద్యతోపాటు చేతిపనులను, చిత్రలేఖనమును నేర్పిరి. చేతిపనియే విద్యకు కేంద్రము కావలెనని 1937లో వార్ధా విద్యాసభ తీర్మానించెను. "అది కూలిపని, కార్యనిర్వహణము కాదు" అందురా? నూలెంత పట్టునో లెక్కించి, గడువు నిర్ణయించి, తోడివారికి పని పంచి, చిక్కుపడిన పోగునకు ఉపాయము వెదకు బాలుడు చేయునది కార్యనిర్వహణము గాక మఱేమి?

2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిది తరగతులలోపల సంచి లేని పది దినములు సూచించినది. మూడేండ్లకు పది దినములా! ఏటి దాహమునకు ఉగ్గుగిన్నెడు నీరా!

పాఠశాలాధికారులారా! ప్రతి పరీక్షాపత్రమునను పుస్తకమున జవాబులేని ప్రశ్న నొక్కటి యుంచుడు. సొంతబుద్ధితో తడబడిన బాలుని దండింపకుడు. తడబడనిచ్చిననే నడక వచ్చును.