లోహకవచంలోని ప్రాణి

మన పురాణాలలోని రాక్షసులకు మనుష్యులతో ఎంతో కొంత పోలిక ఉన్నది. రావణునకు సంగీతజ్ఞానమున్నది, శివభక్తి ఉన్నది. హిరణ్యకశిపుడు ఒక బాలునకు తండ్రి. వారి దోషాలెన్నైనా వారు మనకు అర్థమగుదురు. బ్రిటిష్ టెలివిజన్‌లో 1963 నుండి ఎన్నిసార్లు సంహరించినా రక్తబీజునివలె మరల మరల పుట్టుకొచ్చిన ‘డాలెక్’కు మాత్రం ఇటువంటి చుట్టరికమేదీ లేదు.

బి.బి.సి. వారి ‘డాక్టర్ హూ’ ధారావాహిక ఆ ఏడాది నవంబరులో ప్రారంభమైనది. (తొలి కథకు దర్శకుడైన వారిస్ హుస్సేన్ జన్మస్థలం మన లక్నో అని ఎందరికి తెలుసు?) గుడ్లు మిటకరించే వింతజంతువులు తమ కార్యక్రమంలో కూడదని నాటక విభాగాధిపతి సిడ్నీ న్యూమన్ ముందే హెచ్చరించి ఉన్నారు. అయినను డిసెంబరు 21న మొదలైన రెండవ కథలో రచయిత టెర్రీ నేషన్ డాలెక్‌లను ప్రవేశపెట్టారు.

వీటిని యంత్రమానవులని భావించుట సాధారణంగా జరిగే పొరపాటు. స్కారో అనే గ్రహంపై జరిగిన ఘోరయుద్ధంలో రూపం చెడి, లోహకవచాలలో తలదాచుకొన్న జీవులివి. ఆ తొలి కథలో వాటికి నగరపు నేల నుండి విద్యుత్తు అందవలెను. నగరం దాటి కదలలేవు. పైగా రేడియేషన్ లేనిదే బ్రతుకలేవు. తమను చెరచిన విషమే వాటికి ఆహారమైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కార్డిఫ్ నగరంలో బాల్యం గడిపిన నేషన్‌కు నాజీలే నమూనా. తమ జాతికి భిన్నమైనదంతా నశించవలెనన్నదే డాలెక్‌ల ఏకైక సిద్ధాంతం.

ఈ స్వభావాన్ని రచయితలు పలుమార్లు పరీక్షకు పెట్టారు. 1967 నాటి కథలో మూడు డాలెక్‌లకు మానవలక్షణం ఎక్కించగా అవి మొదట పసిపిల్లలవలె ఆటలాడినవి. తదుపరి ఆ లక్షణం మరికొన్నింటికి సోకగా, అవి పై నుండి వచ్చిన ఆజ్ఞకు ‘ఎందుకు?’ అని ప్రశ్నించినవి. అంతర్యుద్ధానికి ఆ ఒక్క ప్రశ్న చాలినది! 1975లో వాటి సృష్టికర్త డావ్రోస్‌ను చూపిన కథలో, రెండు తీగలు కలిపితే డాలెక్ జాతి పుట్టుకలోనే అంతరించే స్థితిలో, ఒక జాతిని తుడిచివేసే అధికారం తనకున్నదా అని నాయకుడు తటపటాయిస్తాడు. నా దృష్టిలో మొత్తం ధారావాహికకు ఇంతకు మించిన ఘట్టం లేదు. 2005లో భూగర్భ ప్రదర్శనశాలలో బందీయైన ఒంటరి డాలెక్, ఒక యువతి స్పర్శతో అనుభూతులు కలిగి, సూర్యరశ్మిని కోరి, ఆ మార్పును భరించలేక తనను తాను అంతమొందించుకొన్నది.

ఇక మనవంటి జీతగాండ్రకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటున్నది. డాలెక్ రూపాన్ని కల్పించినది రేమండ్ క్యూసిక్ అనే సంస్థోద్యోగి. నటుడు అలసిపోకుండా లోపల కూర్చొని నడుపవలెనని, కుర్చీలో కూర్చున్న మనిషిని గీసి, ఆ బొమ్మ చుట్టూ కవచం గీశారట. త్వరలోనే డాలెక్ బొమ్మలు అంగళ్లను ముంచెత్తినవి. హక్కులలో భాగమున్న నేషన్ ధనవంతులైనారు. క్యూసిక్ చేసినది ఉద్యోగధర్మం గనుక ఆయనకు రాయల్టీ రాలేదు. స్వల్పమైన బహుమాన ధనం మాత్రం ముట్టినది. 2013లో ఆయన మరణించునాటికి ఆ రూపం తెరపై యాభై ఏండ్లకు సమీపించినది.