బ్యాక్టీరియా తినేస్తుందని సంతకం పెట్టేస్తామా?

ఇవాళ శుక్రవారం, డ్యూటీ లేదు. పోస్టు కొంచెం పెద్దది, కోపంలో రాస్తున్నాను. ఓపికుంటే చదవండి.

మొన్న మా బావగారు ఫోన్ చేశారు. కోనసీమలో మా ఊరి పక్కన ఆయిల్ గొట్టం పగిలి ఆయన దాళ్వా చేను ఎకరంన్నర నల్లగా అయిపోయింది. కంపెనీ తరఫున ఒకాయన వచ్చి, జీన్లు మార్చిన బ్యాక్టీరియా చల్లుతాం, ఆయిలంతా తినేస్తుంది, రెండు నెలల్లో చేను మామూలైపోతుంది, ఇక నష్టపరిహారం అడగనని ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నాడట. ఊరి వాట్సాప్ గ్రూపులో చదువుకున్న కుర్రాళ్లు కూడా "సైన్స్ ఎక్కడికో వెళ్లిపోయింది మావయ్యా, పెట్టేయ్" అంటున్నారు.

ఒరే అబ్బాయిలూ, నేను పది ఫెయిల్. కానీ ఆరేళ్ల నుంచి ఇక్కడ కువైట్లో ఆయిల్ పట్టిన ఇసకలోనే లోడర్ తోలుతున్నాను.

1991లో ఇరాక్ సైన్యం పోతూ పోతూ ఇక్కడ 600కు పైగా బావులు తగలబెట్టింది. ఆఖరి మంట ఆరేసరికి నవంబర్ వచ్చింది. కాలకుండా పారిన ఆయిల్ ఎడారిలో చెరువుల్లా నిలిచింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ మట్టి పని ఇంకా ఉంది. బ్యాక్టీరియా లేకనా? ఆయిల్ తినే రకాలు ఈ ఇసకలోనే ఉన్నాయి. వాటికి నీళ్లు కావాలి, గాలి కావాలి, నైట్రోజన్, ఫాస్ఫరస్ కావాలి. మేం మట్టి తవ్వి, వరసలుగా పోసి, ఎరువు కలిపి, నీళ్లు కొట్టి, గాలి తగిలేలా మళ్లీ మళ్లీ తిరగేస్తాం. నెలల పని. అప్పుడు కూడా తేలికపాటి ఆయిలే ముందు పోతుంది, తారు లాంటి బరువు సరుకు మిగిలిపోతుంది. 1989లో అలస్కా ఒడ్డున ఓడ ఆయిల్ ఒలికినప్పుడు కూడా ఎరువు చల్లి అక్కడి బ్యాక్టీరియానే మేపారు.

జీన్ల సంగతి కొత్తదేం కాదు. మన బెంగాల్‌లో పుట్టిన ఆనంద మోహన్ చక్రవర్తి గారు అమెరికాలో నాలుగు రకాల బ్యాక్టీరియాల ప్లాస్మిడ్లు ఒకదాంట్లోకి చేర్చి, 1972లోనే పేటెంటు అడిగారు. 1980లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఇమ్మంది. పేటెంటు చరిత్రకెక్కింది గానీ ఆ బ్యాక్టీరియాని బయట ఒలికిన ఆయిల్ మీద ఎప్పుడూ వాడలేదు.

నేను సైన్స్‌కి అడ్డం అనుకోకండి. మా అమ్మ రోజూ పొడుచుకునే ఇన్సులిన్ జీన్లు మార్చిన సూక్ష్మజీవి చేసిందే. కాకపోతే అది మూసిన ట్యాంకులో ఉంటుంది. చేలో చల్లినది బోదెలోకి, బోదె నుంచి కాలువలోకి పోతుంది. మళ్లీ పట్టుకురమ్మంటే ఎవడు తెస్తాడు? అందుకే మన దేశంలో అలాంటివి బయట వదలాలంటే 1989 రూల్స్ ప్రకారం జీఈఏసీ అనుమతి ఉండాలి. ఆ కాగితం చూపించమనండి.

నా అనుమానం, అతని చేతిలో అసలు అలాంటి సరుకే లేదు. మన దగ్గర టెరీ వాళ్లు చేసిన ఆయిల్‌జాపర్ ఉంది, అది ప్రకృతిలో దొరికిన బ్యాక్టీరియాలే, జీన్లు మార్చినవి కాదు. మంచిదే. వాడమనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ప్యాకెట్ చూపించి పరిహారం ఎగ్గొట్టడమేంటి? కువైట్ ఏం చేసింది? ఐక్యరాజ్యసమితి కమిషన్ ముందు లెక్క పెట్టి, ఇరాక్ ఆయిల్ డబ్బులోంచి పర్యావరణం బాగుచేతకే దాదాపు 300 కోట్ల డాలర్లు మంజూరు చేయించుకుంది. ముందు డబ్బు, తర్వాత మట్టి పని. దేశానికి ఒక న్యాయం, ఎకరంన్నర రైతుకు ఒక న్యాయమా?

బావగారూ, ముందు మట్టి, బోరు నీళ్లు ల్యాబుకి పంపండి. ఎంత ఆయిల్ ఉందో రాయించండి. ఎంతకి తగ్గిస్తారో, ఎన్నాళ్లలోనో, తగ్గకపోతే ఏమిస్తారో వాళ్ల చేత రాయించండి. పంట పోయిన డబ్బు వేరే. సోమవారం మళ్లీ వస్తానన్నాడు కదా, ఫోన్ స్పీకర్లో పెట్టండి. మీకు రెండున్నర అయితే ఇక్కడ పన్నెండు, నాకు బ్రేక్ టైమే.