అకాడమీకి ఫీజు కట్టే ముందు నిమిషాలు అడగండి

ఈ నెల నేను నేర్చుకున్న కొత్త మాట: అరంగేట్రం.

ఒక ఆటల వార్తలో కనిపించింది. అర్థం కాక నిఘంటువు తీశాను. తమిళం నుంచి వచ్చిన మాట. అరంగు అంటే వేదిక, ఏట్రం అంటే ఎక్కడం. మొదట నాట్యం నేర్చుకున్న పిల్లల గురించి చెప్పేవాళ్ళు. ఇప్పుడు క్రికెటర్లకూ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకూ కూడా వాడుతున్నారు. నాకు ఈ మాట బాగా నచ్చింది. ఎన్నేళ్ళు నేర్చుకున్నావని అది అడగదు. వేదిక ఎక్కావా లేదా అని మాత్రమే అడుగుతుంది.

మా ఇంట్లో రెండు నెలలుగా గొడవంతా దీని మీదే. అందుకే ఈసారి వంటల గురించి కాకుండా ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాను. వాక్యాలు వంకరగా ఉంటే ఎప్పటిలాగే సరిదిద్దండి.

మా అక్క కొడుక్కి పదహారేళ్ళు. పుట్టింది, పెరిగింది ఇక్కడే, కువైట్‌లో. మొన్ననే పదో తరగతి అయిపోయింది. బంతి వాడి కాలికి అతుక్కుని ఉంటుంది. ఇది మేనమామ ప్రేమతో చెప్పే మాట కాదు, వాడి చేతిలో, అంటే కాలిలో, ఓడిపోయినవాళ్ళు కూడా ఇదే చెబుతారు. ఇప్పుడు వాడి ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఇక్కడే ఉన్న ఒక ఖరీదైన అకాడమీ. పచ్చటి మైదానం, యూరప్ నుంచి వచ్చిన కోచ్, గోడ మీద ఒక పెద్ద క్లబ్బు బొమ్మ. ఏడాది ఫీజు మా బావకు మూడు నెలల జీతం. రెండోది, హైదరాబాద్‌లో నగర లీగులో ఆడే ఒక చిన్న క్లబ్బు. పోయిన వేసవి సెలవుల్లో వాడు ఉప్పల్‌లో మా పిన్ని వాళ్ళింట్లో ఉన్నప్పుడు మూడు వారాలు వాళ్ళతో ఆడాడు. "వస్తే సీనియర్ టీములోనే తీసుకుంటాం" అన్నారు.

మా నాయనకు ఇది మింగుడు పడలేదు. "ఏసీ రూములో బూట్లు మార్చుకునేది ఇడిచిపెట్టి ఎండలో పడి పోతానంటాడేందిరా వీడు?" అన్నాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాడు హైదరాబాద్ పోవాలి. ఎందుకో చెప్పే ముందు నా కథ కొంచెం చెప్పాలి.

నేనూ ఒకప్పుడు గోల్‌కీపర్‌ని. పద్నాలుగో ఏట నుంచి మూడేళ్ళు ఇక్కడ ఒక అకాడమీకి వెళ్ళాను. పేరు వద్దు. కోచ్‌లు మంచివాళ్ళే. బంతి ఎలా పట్టాలో, ఎలా దూకాలో, ఎక్కడ నిలబడాలో అన్నీ నేర్పారు. కానీ ఆ మూడేళ్ళలో నేను ఆడిన నిజమైన మ్యాచులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నిజమైన మ్యాచు అంటే ఓడితే ఎవరికైనా బాధ కలిగే మ్యాచు. మిగతావన్నీ మాలో మేము రెండు రంగుల చొక్కాలు వేసుకుని ఆడుకున్నవి. నాతో చదివిన ఒక మలయాళీ కుర్రాడికి అకాడమీకి కట్టే డబ్బులు లేవు. వాడు శుక్రవారాలు వాళ్ళ మామయ్యల టీముతో, ముప్పై ఏళ్ళ మగవాళ్ళతో ఆడేవాడు. పదిహేడేళ్ళప్పుడు స్కూలు మ్యాచులో మేమిద్దరం ఎదురుపడ్డాం. వాడు రెండు గోల్స్ వేశాడు. నాకు అన్నీ తెలుసు, కానీ అన్నీ ఒక క్షణం ఆలస్యంగా తెలిశాయి. దిగితేనే గాని లోతు తెలీదు అని మా జేజి అంటుంది. ఆ రోజు నాకు ఆ మాట అర్థమైంది.

నా ఒక్కడి కథతో లోకం మొత్తానికి తీర్పు చెప్పకూడదు. పేరున్న వాళ్ళను చూద్దాం.

2017లో అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది. ఇంగ్లండ్ గెలిచింది. ఆ జట్టులో ఫిల్ ఫోడెన్, జేడన్ సాంచో ఉన్నారు. ఇద్దరూ మాంచెస్టర్ సిటీ అకాడమీలో పెరిగినవాళ్ళే. సిటీ అంటే డబ్బుకు కొదవ లేని క్లబ్బు. ఆ ఏడాదే సాంచో అక్కడి నుంచి జర్మనీలోని డోర్ట్‌మండ్‌కి వెళ్ళిపోయాడు. ఫోడెన్ ఉండిపోయాడు. సాంచో 2018 అక్టోబర్‌లో, పద్దెనిమిదేళ్ళకు, ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు ఆడాడు. ఫోడెన్‌కు ఆ రోజు 2020 సెప్టెంబర్‌లో వచ్చింది. కానీ ఆ తర్వాత కథ తిరగబడింది. ఫోడెన్ అదే క్లబ్బులో టైటిల్ మీద టైటిల్ గెలిచాడు. సాంచో 2021లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్ళాక ఆ పాత వెలుగు కనిపించలేదు.

ఇంకొకరు మార్టిన్ ఓడెగార్డ్. నార్వేలో పదిహేనేళ్ళకే పెద్దవాళ్ళ లీగులో ఆడాడు. 2015 జనవరిలో, పదహారేళ్ళకు, రియల్ మాడ్రిడ్ తీసుకుంది. అంతకంటే పెద్ద ఇల్లు ఎక్కడుంది? కానీ అక్కడ ఎక్కువగా రెండో జట్టులోనే ఆడాడు. మర్రిచెట్టు కింద మొక్క మొలవదు అంటారు కదా. తర్వాత నెదర్లాండ్స్‌లో రెండు క్లబ్బులకు, స్పెయిన్‌లో రియల్ సొసియెదాద్‌కు అప్పుగా వెళ్ళి, అక్కడ వారం వారం ఆడి మళ్ళీ ఆటగాడయ్యాడు. 2022లో ఆర్సెనల్ కెప్టెన్.

వీళ్ళను చూస్తే పెద్ద క్లబ్బు తప్పు, చిన్న క్లబ్బు ఒప్పు అని రాదు. ఫోడెన్ ఉండి గెలిచాడు. ఎందుకంటే అతనికి అకాడమీ గదికీ పెద్దవాళ్ళ మైదానానికీ మధ్య తలుపు ఉంది. మెల్లగానైనా తెరుచుకుంది. నేను వెళ్ళిన అకాడమీకి అలాంటి తలుపే లేదు. దాని వెనక ఏ సీనియర్ టీమూ లేదు. గోడ మీద బొమ్మ మాత్రం ఉంది.

ఇప్పుడు మన గల్ఫ్ పిల్లల సంగతికి వస్తాను. ఇద్దరున్నారు, ఇద్దరూ మలయాళీ ఇళ్ళ పిల్లలే.

సహల్ అబ్దుల్ సమద్ 1997లో యూఏఈలోని అల్ ఐన్‌లో పుట్టాడు. అబూ ధాబీలో అకాడమీలో నేర్చుకున్నాడు. కానీ ఆటగాడు అయింది మాత్రం కేరళకు తిరిగి వచ్చాక. కన్నూర్‌లో కాలేజీ, తర్వాత కేరళ బ్లాస్టర్స్ రెండో జట్టు, తర్వాత మొదటి జట్టు. 2019లో భారత జట్టుకు ఆడాడు.

తహసిన్ మొహమ్మద్ 2006లో పుట్టాడు, ఖతార్‌లో పెరిగాడు, అక్కడి అల్ దుహైల్ క్లబ్బు నుంచి వచ్చాడు. 2024 జూన్‌లో ప్రపంచ కప్ క్వాలిఫయర్లకు ఖతార్ జట్టులో పిలుపొచ్చింది. అదే గ్రూపులో భారత్ ఉంది, కువైట్ కూడా ఉంది. మా బావ ఫోన్‌లో ఆ వార్త చూపించి, "చూడు, ఇక్కడే ఉండి పైకి రాలేదా?" అన్నాడు.

వచ్చాడు. నేను కాదనను. కానీ ఖతార్ వేరు. అక్కడ ప్రభుత్వమే 2004లో యాస్పైర్ అకాడమీ పెట్టింది. అక్కడ పెరిగిన పిల్లలు 2019లో ఆసియా కప్ గెలిచారు. అంటే అక్కడ కూడా తలుపు ఉంది. ఇక్కడ మన పిల్లలకు అలాంటి తలుపు నేను చూడలేదు. విదేశీయుల కోటాలో క్లబ్బులు బయటి నుంచి తయారైన ఆటగాణ్ణి తెచ్చుకుంటాయి. అబ్బాసియాలో పెరిగిన కడప కుర్రాణ్ణి ఎందుకు తీసుకుంటాయి? ఇంకో సంగతి, ఆ అకాడమీ వాళ్ళు "యూరప్‌లో ట్రయల్స్" అంటున్నారు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు దేశం దాటి క్లబ్బు మారకూడదని ఫిఫా నియమం. తల్లిదండ్రులు వేరే పని మీద ఆ దేశానికి వెళ్ళడం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. పదహారేళ్ళవాడికి ఆ ట్రయల్స్ ఒక విహారయాత్ర.

కువైట్ ఫుట్‌బాల్ కథే మనకు ఇంకో పాఠం. ఈ చిన్న దేశం 1980లో ఆసియా కప్ గెలిచింది, 1982లో స్పెయిన్‌లో ప్రపంచ కప్ ఆడింది. ఫిఫా 2015 అక్టోబర్‌లో నిషేధం పెట్టి 2017 డిసెంబర్‌లో తీసేసింది. ఆ రెండేళ్ళూ మైదానాలు ఇక్కడే ఉన్నాయి, డబ్బూ ఉంది. జాబిర్ స్టేడియంలో లైట్లు కూడా ఉన్నాయి. లేనివి దేశం తరఫున ఆడే మ్యాచులు. అప్పుడు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళున్న కుర్రాళ్ళకు ఆ రెండేళ్ళు ఎవరు తిరిగిస్తారు? 2023 నవంబర్‌లో అదే స్టేడియంలో భారత్ 1-0తో గెలిచింది. నేను అక్కడే ఉన్నాను. గొంతు పోయేదాకా అరిచాను. కానీ బయటికి వస్తుంటే నా పక్కన నడుస్తున్న కువైటీ పెద్దాయన ముఖం చూసి కొంచెం బాధేసింది.

మరి హైదరాబాద్ స్వర్గమా? కాదు. ఇది కూడా నిజాయితీగా చెప్పాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ కప్ గెలిచింది. రెండేళ్ళు తిరగకముందే జీతాలు అందక సీనియర్లు, విదేశీ ఆటగాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. 2023-24 సీజన్‌లో కుర్రాళ్ళే మైదానంలోకి దిగాల్సి వచ్చింది. ఒక్క మ్యాచే గెలిచి, ఆఖరి స్థానంలో నిలిచారు. తర్వాత 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఆ కుర్రాళ్ళకు అరంగేట్రం దొరికింది, నిజమే. కానీ ఇల్లు తగలబడుతుంటే దొరికిన వేదిక అది. వారం వారం ఓడిపోతూ ఏం నేర్చుకుంటారు? కొందరు నేర్చుకుంటారు, కొందరు విరిగిపోతారు.

మంచి వేదిక ఎలా ఉంటుందో కూడా మన దేశంలోనే చూశాం. 2017 ప్రపంచ కప్ ఆడిన మన కుర్రాళ్ళతో ఫెడరేషన్ ఇండియన్ యారోస్ జట్టును మళ్ళీ కట్టి ఐ-లీగులో పెద్దవాళ్ళ మీదికి పంపింది. కొలంబియా మీద గోల్ వేసిన జీక్సన్ సింగ్ ఆ దారిలోనే నడిచి భారత జట్టుకు వచ్చాడు. గెలవాలని కాకుండా ఆడాలని పెట్టిన జట్టు అది. 2022లో దాన్ని మూసేశారు. నాకు అది పెద్ద తప్పు అనిపిస్తుంది.

అందుకే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది. అకాడమీ బ్రోషర్ మన ఇంటర్ కాలేజీల టీవీ ప్రకటన లాంటిది. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ర్యాంకులు చదువుతారు. క్లాసులో ఎంతమంది కూర్చున్నారో చెప్పరు. మీరు మూడు ప్రశ్నలు అడగండి. గడిచిన మూడేళ్ళలో మీ దగ్గర నుంచి ఎంతమంది సీనియర్ జట్టుకు ఆడారు? మా వాడు ఈ ఏడాది ఎన్ని నిమిషాల నిజమైన మ్యాచులు ఆడతాడు? మోకాలు విరిగితే ఎవరు చూసుకుంటారు, చదువు ఎక్కడ?

మా అక్క ఇద్దరికీ ఫోన్ చేసి ఇవే అడిగింది. అకాడమీ వాళ్ళు "బ్రోషర్ పంపిస్తాం మేడమ్" అన్నారు. హైదరాబాద్ కోచ్ గారు కాసేపు ఆలోచించి, "మొదట్లో ఆఖరి ఇరవై నిమిషాలే ఇస్తానమ్మా. జీతం లేదు. దెబ్బ తగిలితే మొదటి కట్టు మాది, ఆసుపత్రి ఖర్చు మీది" అన్నాడు. ఈ జవాబు విని బావకు భయం వేసింది. నాకు నమ్మకం కలిగింది.

బావ భయం చిన్నది కాదు. వాడు ఒక్కడే కొడుకు. ఇక్కడ మన అకామాలు ఎన్నాళ్ళో తెలియదు, అక్కడ వాడి మోకాలు ఎన్నాళ్ళో తెలియదు. కానీ గల్ఫ్ పిల్లలకు గడియారం కొంచెం వేగంగా తిరుగుతుంది. డిగ్రీ వయసు వచ్చేసరికి ఎలాగూ చాలామంది ఈ దేశం వదలాలి. ఆ రోజు చేతిలో ఫీజు రసీదులు ఉండాలా, కాళ్ళలో వంద మ్యాచులు ఉండాలా?

చివరికి ఇలా కుదిరింది. రెండేళ్ళు. ఇంటర్‌లో చేరాలి, మార్కులు పడిపోతే ఆట ఆగుతుంది. అకాడమీ ఫీజులో కొంత పెట్టి ఇన్సూరెన్స్ తీసుకోవాలి. రెండేళ్ళ తర్వాత ఇంకా ఆఖరి ఇరవై నిమిషాలే ఇస్తుంటే, అందరం కూర్చుని మళ్ళీ మాట్లాడాలి.

మా నాయన మాత్రం ఇంకా ముభావంగానే ఉన్నాడు. మొన్న రాత్రి అడిగాను, "నువ్వు ఇరవయ్యేళ్ళకు ఇక్కడికి వచ్చి డ్రైవర్ పనిలో చేరినావు కదా, ఈ రోడ్ల మీద నడిపేది ఎక్కడ నేర్చుకుంటివి?"

"యాడ నేర్చుకుంటాను రా, బండెక్కినాక నేర్చుకుంటి," అన్నాడు. తర్వాత నా వైపు అనుమానంగా చూశాడు. నేను ఏమీ అనలేదు. టీ తాగాం.

వాడి టికెట్ జూన్ నెలలో. మొదటి మ్యాచు ఎప్పుడో తెలిశాక ఇక్కడే రాస్తాను. అప్పటికి "అరంగేట్రం చేశాడు" అనాలా, "అరంగేట్రం జరిగింది" అనాలా, తెలిసినవాళ్ళు చెప్పండి.