పెద్దలకు నేర్పడమూ ఒక విద్యే

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను మనం ఎంతగా నమ్మామంటే, పెద్దలకు చదువు చెప్పేవాళ్లకు ఏ చదువూ అక్కర్లేదని తీర్మానించేశాం. ఒకటో తరగతి పిల్లల చేత అఆలు దిద్దించాలంటే డీఎడ్ చదవాలి, టెట్ గట్టెక్కాలి. నలభై ఏళ్ల కూలీకి అవే అక్షరాలు నేర్పడానికి మాత్రం కాస్త చదువు, కాస్త తీరిక ఉంటే చాలంటున్నాం. 2022లో మొదలైన నవభారత సాక్షరతా కార్యక్రమం, అంటే ఇప్పటి ‘ఉల్లాస్’, ఐదేళ్లలో 5 కోట్ల మందిని అక్షరాస్యులను చేయాలని లక్ష్యంగా పెట్టుకుంది. దానికి వేసిన అంచనా వ్యయం 1,037.90 కోట్ల రూపాయలు. లెక్కవేస్తే మనిషికి 210 రూపాయలైనా పడదు. బోధన భారమంతా వాలంటీర్లదే. వాళ్ల సేవాభావాన్ని తక్కువ చేయనక్కర్లేదు. వాళ్లకు పాఠం తయారుచేసి, నేర్పే తీరు చూపించి, వెనక నిలబడే నిపుణులు ఎవరన్నదే అసలు ప్రశ్న. అలాంటివారిని తయారుచేసే పీజీ కోర్సు తెలుగు రాష్ట్రాలకు అత్యవసరమని నా వాదన.

వాలంటీర్లతోనే నెల్లూరు చరిత్ర సృష్టించలేదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 1991 నాటి అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులు నడిపింది వాలంటీర్లే. కానీ వాళ్ల చేతిలో ఉన్న వాచకం పిల్లల వాచకం కాదు. అందులో సీతమ్మ కథ ఉంది. తాగుబోతు భర్తతో వేగిన ఆ ఇల్లాలి బతుకులో పలక పట్టుకున్న ఆడవాళ్లు తమ ఇంటినే చూసుకున్నారు. పాఠం చర్చ అయింది, చర్చ కదలిక అయింది. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ సంగతే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాపై నిషేధం వచ్చింది. పెద్దవాళ్లు ఖాళీ పలకలు కారని, తమ అనుభవంతో ముడిపడినదాన్నే నిలుపుకుంటారని తెలిసినవాళ్లు రాసిన పాఠాలవి. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరే, అమెరికాలో మాల్కమ్ నోల్స్ వంటి విద్యావేత్తలు సిద్ధాంతంగా చెప్పింది నెల్లూరు పల్లెల్లో ఆచరణలో కనబడింది. అయితే ఉద్యమం చల్లబడ్డాక ఆ నేర్పును పట్టి ఉంచి, తర్వాతి తరానికి అందించే పటిష్ఠమైన వ్యవస్థ మనకు మిగల్లేదు. నెల్లూరు నేర్పే పాఠాల్లో ఇదీ ఒకటి.

పెద్దలకు నేర్పడం తెలిసినవాళ్లు లేని ఈ లోటు ఫ్యాక్టరీల్లో ప్రాణాల మీదికే వస్తుంది. భోపాల్ విషాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, భద్రతపై శిక్షణ పొందడం కార్మికుడి హక్కని రాశారు. ఆచరణలో ఆ హక్కు చాలాచోట్ల ఎలా ఉంటుంది? ఒక గది, ఒక ప్రొజెక్టరు, ఇంగ్లిష్ అక్షరాలతో నిండిన స్లైడ్లు. వెనక కుర్చీలో కూర్చున్న ఒడిశా కుర్రాడికి తెలుగే అంతంతమాత్రం. గంట గడిచాక రిజిస్టరు చేతులు మారుతుంది. సంతకం వచ్చినవాడు సంతకం చేస్తాడు, రానివాడు వేలిముద్ర వేస్తాడు. శిక్షణ పూర్తయినట్టే! 2020 మే 7న విశాఖలో ఒక రసాయన ప్లాంటు నుంచి విషపూరితమైన స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడినప్పుడు, ఆ ప్లాంటులో 36 చోట్ల అలారం మీటలున్నా సైరన్ మోగలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. దానికి శిక్షణ ఒక్కటే కారణమనను. యాజమాన్యపు అలక్ష్యాన్ని ఏ క్లాసూ సరిదిద్దలేదు. కానీ మీట ఎక్కడుందో చెప్పడం వేరు, ఆపద క్షణంలో పైవాడి అనుమతి కోసం చూడకుండా చెయ్యి దానిమీదికి వెళ్లేలా చేయడం వేరు. మొదటిది స్లైడుతో అవుతుంది. రెండోదానికి పదేపదే అభ్యాసం కావాలి, భయం పోగొట్టాలి, సూపర్‌వైజరునూ మార్చాలి. శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలని డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లోనే సూచించాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనితీరు మారిందా, ఫలితం వచ్చిందా. మన హాజరు రిజిస్టరు ఈ నాలుగింటిలో ఒక్కదాన్నీ కొలవదు.

ఎంబీఏ హెచ్‌ఆర్ ఉండగా మరో డిగ్రీ ఎందుకంటారు. అందులో నియామకాలు, జీతాలు, కార్మిక చట్టాల మధ్య శిక్షణ ఒక భాగం మాత్రమే. పని తెలిసిన సీనియరు చాలడా అంటారు. చెయ్యి తిరిగిన వెల్డరుకు తన చెయ్యి ఏం చేస్తోందో మాటల్లో పెట్టడం రాకపోవచ్చు. ఐటీఐ బోధకులకు విడిగా ఏడాది శిక్షణ పెట్టింది అందుకే కదా! ఇక, ఇదీ బీఎడ్‌లా కాలేజీకి వెళ్లకుండా తెచ్చుకునే కాగితమైపోతుందన్న అనుమానం ఉంది. అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఇదే, దీన్ని కొట్టిపారేయలేం. అందుకే కోర్సులో సగం కాలం పల్లె కేంద్రంలోనో షాప్‌ఫ్లోర్‌లోనో గడవాలి. మార్కులు విద్యార్థి రాసిన జవాబుకు కాక, అతను నేర్పినవాళ్లు ఆరు నెలల తర్వాత ఏం చేయగలుగుతున్నారన్నదానికి పడాలి.

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వయోజన విద్యా విభాగం ఉంది. ఉద్యోగం వదలకుండా చదవాల్సిన సూపర్‌వైజర్లకు, ఉపాధ్యాయులకు దారి చూపడానికి 1982లో పుట్టిన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఉద్యోగాలు ఎక్కడన్న ప్రశ్నకు జవాబు ప్రభుత్వాల చేతిలోనే ఉంది. ప్రమాదకర పరిశ్రమల్లో భద్రతా శిక్షణ బాధ్యత అర్హులకే అప్పగించాలని నిబంధన పెడితే చాలు. బాయిలరు నడిపేవాడికి సర్టిఫికెట్ అడిగే రాష్ట్రం, ఆ బాయిలరు పక్కన ఎలా బతికి బయటపడాలో నేర్పేవాడిని మాత్రం పెద్దలకు నేర్పడం వచ్చా అని అడగకపోవడం ఇకనైనా ఆగాలి.