యంత్రము చెవి మన చేతిలో నుండవలెను

మా పాఠశాలలోని కంప్యూటరు గదిని చూడవచ్చిన తలిదండ్రులు తెరమీది బొమ్మలను జూచి సంతోషింతురు. తమ పిల్లలు టైపు చేయుట జూచి మఱింత సంతోషింతురు. అయితే ఆ పెట్టెకు చెవియు నోరును వంటిదగు సౌండు కార్డను చిన్న భాగము గలదనియు, దానిని తెఱచుటకును మూయుటకును విద్యార్థి స్వయముగా ఆజ్ఞలు వ్రాయగలడనియు తలంచువారు అరుదు. ఈ విద్యను మన ఉన్నత పాఠశాలలలో తప్పక నేర్పవలెనని మా యభిప్రాయము. దానిని నేర్వకపోవుటచే కలిగిన నష్టమును మేము స్వయముగా ననుభవించితిమి గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రెండేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతి పిల్లలు మునగాల చుట్టుపట్ల గ్రామములలోని వృద్ధుల మాటలను, పాటలను భద్రపఱుప బూనిరి. ఒక బాలిక తన అమ్మమ్మను పాఠశాలకు తోడుకొని వచ్చెను. ఆ ముదుసలి దంపుళ్ల పాటలు పాడుచు, నడుమ నడుమ మాటలకు అర్థము చెప్పుచు గంటసేపు కూర్చుండెను. మేము మీట నొక్కితిమే గాని మిక్సరు వంక చూచినవారము గాము. అది నూటికి నూఱు పాళ్లకు ఎత్తబడి యుండెను. సాయంకాలము విని చూడగా, ఆమె గొంతెత్తి పాడిన ప్రతిచోటను పాట పగిలిపోయి గరగర మాత్రమే మిగిలియుండెను. రహదారిపై సూర్యాపేట నుండి కోదాడకు పోవు లారీల మ్రోత మాత్రము చక్కగా వినబడెను! మరల పిలిపింతము లెమ్మని యనుకొంటిమి. ఆ వర్షాకాలముననే ఆమె కాలము చేసెను. తప్పు యంత్రమునది గాదు, మాది.

ఇట్లేల జరిగెనో విద్యార్థులు గ్రహింపవలెను. మైకులో పడిన శబ్దతరంగమును సౌండు కార్డు అంకెలుగా మార్చును. మాటల నిమిత్తము సెకనుకు 16,000 మారులు కొలుచుట చాలును. 16 బిట్ల కొలతలో ప్రతి అంకెయు −32,768 మొదలు 32,767 వఱకు గల అంకెలలో నొకటి. తరంగము ఆ హద్దును మించినచో దాని శిఖరము కొడవలితో కోసినట్లు తెగిపోవును. తెగిన భాగమున నేమి యుండెనో తరువాత వచ్చు ఏ ప్రోగ్రామును నిజముగా చెప్పజాలదు. ఊహించి పూరింపవచ్చును, అంతియే. అంకెలుగా మాఱక పూర్వమే శబ్దమును తగ్గించుటయో హెచ్చించుటయో చేయునది మిక్సరు. కాబట్టి దానిని ముందుగా చూడవలెను. పిమ్మట చూచుట వ్యర్థము.

దీనిని ప్రోగ్రాముచే చేయు విధానము కష్టమైనది గాదు. లినక్సు అను వ్యవస్థకై ఫిన్లాండు దేశస్థుడగు హన్ను సావోలైనెన్ 1992లో సౌండు కార్డు డ్రైవరు వ్రాయ నారంభించెను. ఆ పద్ధతిలో ధ్వనికి డీఎస్పీ యనియు, హెచ్చుతగ్గులకు మిక్సరనియు రెండు పరికరములు ఫైళ్లవలె కనబడుచుండెను. ఫైలును తెఱచినట్లే తెఱచి, చదివినచో మైకు శబ్దము వచ్చును. వ్రాసినచో స్పీకరు పలుకును. పని ముగియగానే మూయవలెను. మిక్సరులో ఎడమ కుడి భాగములకు 0 మొదలు 100 వఱకు అంకెలు. కొలత యేదియు చెప్పనిచో కార్డు సెకనుకు 8,000 మారులు, 8 బిట్లతో మాత్రమే వినుచుండెను. అట్టి ధ్వనిలో 4,000 కంపనములకు మించినదేదియు నిలువదు. స, శ ల భేదము కొంత మాసిపోవును. మఱియొక సంగతి: మనమడిగిన వేగమును కార్డు ఇయ్యలేనిచో తనకు చేతనైన దగ్గరి వేగము నిచ్చి, దానిని తిరిగి తెలుపును. ఆ జవాబును చూడని ప్రోగ్రాము మోసపోవును.

1998లో చెక్ దేశస్థుడగు యారొస్లావ్ కిసెలా ఆల్సా యను క్రొత్త పద్ధతిని ఆరంభించెను. 2003 డిసెంబరులో వెలువడిన లినక్సు 2.6 నుండి అదియే ప్రధానమై, పాతది వెనుకబడెను. ద్వారములు మాఱినను క్రమము మాఱలేదు: తెఱచుట, కొలత నిర్ణయించుట, జవాబు చూచుట, చదువుట, మూయుట. ఈ క్రమము నెఱిగినవాడు రేపు మఱియొక పద్ధతి వచ్చినను తడబడడు.

“ఫోనులో ఎఱ్ఱ మీట యున్నదిగదా, ఇంత శ్రమ యేల?” యని కొందఱు తలిదండ్రులు మమ్ము అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. తొందరలో ఫోనే మేలు. కాని ఫోనులోని అనేక ప్రోగ్రాములు హెచ్చుతగ్గులను తామే సవరించును. సందేశముగా పంపునప్పుడు ధ్వనిని కుదించును. ఏమి వదలివేసెనో మనకు చెప్పవు. మీట నొక్కుట మాత్రమే నేర్చినవాడు, ఇతరుడు నిర్ణయించినంతమేరకే వినగలడు.

ఇంకను గొప్ప కారణమొకటి గలదు. మైకును తెఱచు హక్కు గల ప్రోగ్రామునకు ఆ గదిలోని మాటలన్నియు వినబడును. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుండి ఇట్టి ప్రోగ్రాములు మన యనుమతి నడుగవలసివచ్చెను. 2021 నాటి ఆండ్రాయిడ్ 12 నుండి మైకు పనిచేయుచున్నపుడు తెర మూలను పచ్చని గుర్తు కనబడుచున్నది. అయినను ఎందఱు చదివి సమ్మతించుచున్నారు? తన చేతితో ఒక్కమారు ఆ ద్వారమును తెఱచి మూసిన బాలుడు, మఱియొకడు తెఱువ వచ్చినపుడు ఎందులకని యడుగును. అడుగుట నేర్చుటయే చదువు.

ఈ విషయములు ఆంగ్లము వచ్చినవారికే గాని మన పల్లె పిల్లలకు పట్టవనుట సరిగాదు. ఈ మునగాల సంస్థానమున దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు, రాజా నాయని వెంకట రంగారావు గారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించినవారిలో ప్రముఖులు. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా లక్ష్మణరావు గారు చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున పుస్తకములుగా వెలువరింపజేసిరి. అట్టివారు తిరిగిన నేలమీద కూర్చుండి, సౌండు కార్డును గూర్చి తెలుగులో చెప్పలేమనుట మనకు తగునా?

కావున మా సూచన యిది. తొమ్మిదవ తరగతికి వారమునకొక గంట చొప్పున ఒక టర్ము ఈ పాఠము నేర్పవలెను. ప్రతి విద్యార్థియు ముందుగా పది సెకనులు వినిపించుకొని, వచ్చిన అంకెలలో పెద్దదానిని వెదకు చిన్న ప్రోగ్రాము వ్రాయవలెను. అది హద్దును తాకినచో మిక్సరును దింపవలెను. పిమ్మట ఇంటిలోని పెద్దల నడిగి, వారు సమ్మతించినచోనే వారి మాటలు నిలుపవలెను. పైని చెప్పిన 16 బిట్ల కొలతతో ఒక గంట మాటలకు 11 కోట్ల 52 లక్షల బైట్లు చాలును. 16 జీబీ పెన్‌డ్రైవులో నూఱు గంటలకు మించి పట్టును. ఖర్చు స్వల్పము, కాలమే తక్కువ.

విద్యార్థులారా! మీ యిండ్లలో ఇంకను పాడగల తాతలు, అమ్మమ్మలు ఉన్నారు. వారి యెదుట కూర్చుండుటకు ముందు మిక్సరు చూడుడు. మేము చూడకపోతిమి. ఆ బాలిక నేటికిని ఆ పగిలిన పాటనే వినుచున్నది.