సాదా బైనామా రైతులు 2020 నాటి రసీదు వెతికి పెట్టుకోండి

కౌడిపల్లి మండలంలో తెల్లకాగితం మీద భూమి కొని, పట్టా లేకుండానే దున్నుకుంటున్నారా? హైకోర్టు స్టేతో 2020 నవంబరులో ఆగిన సాదా బైనామాల ఫైళ్లు మళ్లీ కదిలాయి. 2025 ఆగస్టులో స్టే తొలగింది. సెప్టెంబరులో ప్రభుత్వం భూభారతి చట్టం కింద క్రమబద్ధీకరణకు ఉత్తర్వు ఇచ్చింది.

మీరు సన్న, చిన్నకారు రైతు అయి ఉండాలి. 2014 జూన్ 2కు ముందే కొని, 12 ఏళ్లుగా సాగులో ఉండాలి. 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 లోపు దరఖాస్తు పెట్టి ఉండాలి. ఆ 30 రోజుల సంగతే తెలియని రైతుకు ఈ చట్టంలో చోటు లేకపోవడం అన్యాయమే. అయినా ‘ఇప్పుడు కొత్తగా పెట్టిస్తా’ అనే దళారికి పైసా ఇవ్వకండి. అసైన్డ్ భూమికి ఇది వర్తించదు.

తేల్చేది నర్సాపూర్ ఆర్డీఓ. చిక్కంతా విచారణలోనే. అమ్మినాయన చనిపోయి ఉంటాడు, భూమి ధర పెరిగింది కాబట్టి వారసులు అడ్డం తిరగొచ్చు. అప్పుడు మీరు మోకా మీద ఉన్నట్టు చూపాలి. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళన తర్వాత పహాణీలో అనుభవదారు కాలమ్ తీసేశారు. అందుకే అంతకుముందటి పహాణీల నకళ్లు తీసుకోండి. శిస్తు రసీదులు, పక్క చేను రైతుల సాక్ష్యం కూడా అక్కరకొస్తాయి. బైనామా అసలు కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సే ఇవ్వండి.

దరఖాస్తు తిరస్కరిస్తే ఉత్తర్వు నకలు తీసుకుని కలెక్టర్‌కు అప్పీలు చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తారు.